ఎవరూ లేని నేల

కరీంనగర్, మంకమ్మతోట
జూన్

ప్రణతీ,

ఫోన్ చేయొచ్చు కదా, ఈ కాలంలో ఉత్తరమేమిటి అంటావు. చేశాను. చేసినప్పుడల్లా మీ ఆయనే తీశాడు, "పూజల ఉన్నది" అన్నాడు. నువ్వు అంత భక్తురాలివి ఎప్పుడయ్యావే? యూనివర్సిటీ రోజుల్లో కొండగట్టుకు తీసుకుపోతే గుళ్లోకి రాకుండా కోతులకు కొబ్బరిచిప్పలు పంచుతూ కూర్చున్న మనిషివి.

సంగతి చెప్తాను. హైదరాబాద్‌లో ఒక ప్రచురణకర్త డిగ్రీ పిల్లల కోసం తెలుగులో అమెరికా చరిత్ర రాయమన్నాడు. అధ్యక్షుల పేర్లూ యుద్ధాల తారీఖులూ బజారులో ఎన్నయినా దొరుకుతాయి. ఇది అలాంటిది కాదు. ఆ దేశం తన గురించి తాను ఏ కథలు చెప్పుకుంది, వాటిని నమ్మి ఎంత పెద్దదయింది, వాటి కింద ఎవరు నలిగారు, అదీ పుస్తకం. లోకానికి వెలుగు చూపడానికి దేవుడు ఏరి నిలబెట్టిన కొండ మీది పట్నం తామేనన్న కథ. కట్టెల గుడిసెలో పుట్టినవాడైనా అధ్యక్షుడు కావచ్చన్న కథ. తాము ఓడ దిగేనాటికి అది ఎవరూ లేని నేల అన్న కథ.

మొదటి రెండూ నేను రాస్తాను. మూడోది నువ్వు రాయాలి. అడగడం లేదు, చెప్తున్నాను. సెమినార్లో నువ్వు దాని మీద మాట్లాడినప్పుడు వెనక బెంచీల్లో నిద్రపోయేవాళ్లు కూడా లేచి కూర్చున్నారు. మన బ్యాచ్‌లో గోల్డ్ మెడల్ నీది, ఉద్యోగం నాది. నాకిది ఎప్పుడూ న్యాయంగా అనిపించలేదు.

రాసినంత రాసి బస్టాండులో కార్గోకు ఇవ్వు. పైన ఒక ఉత్తరం కూడా పెట్టు. నీ తిట్లు విని చాలా ఏళ్లయింది.

నీ
పద్మలత


ఆదిలాబాద్
జూలై

పద్మా,

నీ ఉత్తరం చదివి వంటింటి తలుపు వేసుకొని ఏడ్చాను. ప్రేమతో అనుకోకు, గోల్డ్ మెడల్ మాట ఎత్తినందుకు కోపంతో. అదిప్పుడు దేవుడి గూట్లో ఉంది. మా అత్తగారు దానికి కూడా రోజూ కుంకుమ పెడుతుంది.

మొదలుపెట్టాను. వంశీ "రాసుకో, ఎవలొద్దన్నరు" అన్నాడు. పైగా సంబరపడ్డాడు. హాల్లో వాళ్ల తాత బాపురావు గారి ఫోటో ఉంది కదా, దాన్ని చూపించి, "అమెరికోల్లదీ మా తాతదీ ఒకటే కథ. ఒట్టి చేతులతోని ఎడ్లబండి కట్టుకొని వచ్చిండు. అప్పుడు గీడ పురుగు పుట్ర తప్ప మనిషి లేడు. అడివి కొట్టిండు, పులిని కొట్టిండు, భూమి చేసిండు. గది రాయి" అన్నాడు. ఈ కథ మా ఇంట్లో ప్రతి పండక్కీ చెప్తారు. చెప్పిన ప్రతిసారీ పులి కాస్త పెరుగుతుంది.

నాకు మాత్రం రాస్తున్నంతసేపూ లీలాబాయి గుర్తొస్తోంది. నీకు ఆమె సంగతి చెప్పానో లేదో. ఉట్నూరు దాటాక అడవిలో మర్కగూడ అని గోండుల గూడెం ఉండేది. పెళ్లయిన కొత్తలో మా చేల వైపు పోయినప్పుడల్లా ఆమె వాకిట్లో, ఇప్పచెట్టు కింద ఆగేవాళ్లం. జొన్నరొట్టె మీద ఎర్రకారం పెట్టి చేతికిచ్చేది. మా అమ్మాయి నవీన నెల తక్కువగా పుట్టి పాలు పట్టకుండా ఉన్నప్పుడు ఆమె వచ్చి మా ఇంట్లోనే ఉండిపోయింది. బిడ్డను రొమ్మున కట్టుకొని తిరిగేది. "నీ బిడ్డ గాదు పో, నా బిడ్డ" అనేది. ఇప్పుడు మర్కగూడలో ఎవరూ లేరు. పిల్లల చదువుల కోసం రోడ్డు దగ్గరికి వచ్చేశారట. వాళ్లంతట వాళ్లే పోయారని వంశీ అన్నాడు.

మొదటి పేజీలు పంపుతున్నాను. ఎర్రసిరాతో గీతలు పెట్టకు, నేను నీ విద్యార్థిని కాదు.

ప్రణతి


కరీంనగర్
ఆగస్టు

ప్రణతీ,

ఎర్రసిరా పెన్ను మూత కూడా తీయలేదు. స్టాఫ్‌రూములో కూర్చొని చదివాను, చాయ చల్లారిపోయింది. మొదటి చలికాలపు పేజీ ఉంది చూడు, ఓడ దిగినవాళ్లు ఆకలితో ఇసుక దిబ్బలు తవ్వితే గంపల నిండా మొక్కజొన్న దొరికిందని, దాన్ని దేవుడి దయ అని రాసుకున్నారని. దాని కింద నువ్వు ఒక్క వాక్యం రాశావు: "ఎవరూ లేని నేలలో గింజలు ఎవరు దాచారు?" అదే మాట క్లాసులో అడిగాను. పిల్లలు పెన్నులు ఆపేశారు.

కంచె వేయనివాడికీ దుక్కి దున్ననివాడికీ నేల మీద హక్కు లేదని అక్కడి పెద్దలు తీర్పులు చెప్పుకున్న పేజీ కూడా బాగుంది. ఇంకా నచ్చింది, ఐదేళ్లు కాపురముండి సాగు చేసినవాడికి నూట అరవై ఎకరాలిస్తామన్న చట్టాన్ని పెద్దవాళ్లు ఎలా వాడుకున్నారో రాసిన చోటు. కూలివాడి పేరు మీద దరఖాస్తు, భూమి మాత్రం కంపెనీది. చదువుతుంటే మన దగ్గర కూడా ఇలాంటివాళ్లు కళ్ల ముందు కనిపించారు.

నా గుడిసె అధ్యాయం పంపుతున్నాను. 1840 ఎన్నికల్లో పెద్ద భవంతిలో పుట్టిన దొరను గుడిసె మనిషని చెప్పి, బండ్ల మీద గుడిసె బొమ్మలు ఊరేగించి గెలిపించిన కథ. చదివి నవ్వు. దాంతోపాటే ప్రచురణకర్త అట్ట వెనక నా గురించి వేయాలనుకుంటున్న నాలుగు మాటలు కూడా ఉన్నాయి. అవి చదివి ఇంకా నవ్వు.

ఒక్క మాట అడగనా? గూడెంవాళ్లు వాళ్లంతట వాళ్లే పోయారని మీ ఆయన అన్నాడు. లీలాబాయి ఏమంది? సరిగ్గా ఆ మాటే నీ అధ్యాయంలో ముగ్గురు నలుగురు అధికారుల నోట ఉంది. అందుకే అడుగుతున్నాను.

దీపావళి సెలవులకు అటు వస్తాను. ఆమెను నాకు చూపించు.

పద్మ


ఆదిలాబాద్
సెప్టెంబరు

పద్మా,

దీపావళికి రాకు. ఇల్లంతా సున్నాలు వేయిస్తున్నాం. వంశీ కొత్త పనొకటి మొదలుపెట్టాడు, వచ్చిపోయేవాళ్లతో నాకు ఊపిరాడటం లేదు. లీలాబాయి ఎక్కడుందో నాకు సరిగ్గా తెలియదు. మంచిర్యాల దగ్గర నస్పూర్‌లో ఆమె కూతురు ఉంటుంది, అల్లుడు శ్రీరాంపూర్ బొగ్గు గనిలో కాంట్రాక్టు కూలి. అక్కడికి పోయిందేమో.

అధ్యాయంలో చివరి భాగం పంపుతున్నాను. అమెరికావాళ్లు తమ మొదటి జాతీయ వనం పెట్టాక, తరతరాలుగా అక్కడ వేటాడిన తెగలను బయటికి పంపి, "వేడినీటి బుగ్గలంటే వీళ్లకు దయ్యాల భయం, అందుకే ఇటు రారు" అని చూడవచ్చినవాళ్లకు చెప్పిన సంగతి. వాళ్లను తరిమి ఖాళీ చేశాకే అది మనిషి అడుగు పడని అడవి అయిందని రాశాను. వంశీ నా భుజం మీదుగా చదివి, "మనిషి అడుగు పడని అడివి! ఏం మాట రాసినవే, మస్తున్నది" అన్నాడు. ఆ వాక్యంలో మిగతా సగం ఆయన చదవలేదు.

నీ గుడిసె అధ్యాయం బాగుంది. తలనొప్పిగా ఉంది, మళ్లీ రాస్తాను.

ప్రణతి


కరీంనగర్
నవంబరు

ప్రణతీ,

వచ్చాను. మీ ఇంటికి కాదు, సున్నాలు పాడవుతాయని.

ఉట్నూరులో దిగి మర్కగూడ అని అడిగితే ఆటో అతను "గిప్పుడు గా పేరు లేదు మేడం, రిసార్టు అనుండ్రి" అన్నాడు. తీసుకుపోయి పెద్ద కమాను ముందు దించాడు. కమాను మీద నీ మాట ఉంది, నా అరచేయంత అక్షరాల్లో: "మనిషి అడుగు పడని అడవిలో మీ సెలవులు." గోడ మీద గుస్సాడి నాట్యం బొమ్మలు, నెమలి ఈకల టోపీలతో సహా. వేసినవాడు మంచి పనివాడే. కావలి మనిషి హనుమండ్లు లోపలికి పోనివ్వలేదు. "గీడ ఊరుండె గదా?" అంటే, "నాకెర్క లేదమ్మా, నేను మొన్ననే కొలువుల జేరిన" అన్నాడు. కంచె అవతల గడ్డి మీద నల్లబడ్డ పొయ్యిరాళ్లు కనిపిస్తూనే ఉన్నాయి. వాటిని పెయింట్ వేసి పూలకుండీల చుట్టూ పేర్చారు.

లీలాబాయి నస్పూర్‌లో లేదు. రోడ్డు పక్కన టార్పాలిన్ కింద ఉంది. చుట్టుపక్కల గూడేల్లో దండారి పండుగ డప్పులు మోగుతున్నాయి. ఈ గుడారాల్లో మోగడం లేదు. నీ స్నేహితురాలినని చెప్పగానే నా చేయి పట్టుకుని కూర్చోబెట్టింది.

"జేసీబీ తెచ్చిండ్రు. రోడ్డుకాడ ఇండ్లు గట్టిస్తం, నడువుండ్రి అన్నరు. మేం నడువలే. గోడలు కూలగొట్టిండ్రు. అప్పుడు నడిచినం."

"మీ అంతట మీరే పోయిండ్రని అంటున్నరు."

"మా కాళ్లతోనే నడిచినం గదమ్మా," అంది. కోపంగా కాదు, నాకు అర్థమయ్యేలా చెప్పాలని. "గట్లజూస్తే మేమే పోయినట్టు."

ఆదివాసీల నేల బయటివాళ్ల పేరు మీదికి రాకూడదు కాబట్టి అది మీ జీపు నడిపే అంతయ్య పేరు మీద ఉందట. అతనూ ఆదివాసే కదా. ఆ కూలివాడి దరఖాస్తు పేజీ రాస్తున్నప్పుడు నీకు ఇది తెలుసా?

గూడెంవాళ్లు అర్జీ పెట్టుకున్నారు. జనవరిలో విచారణ. అక్కడ ఊరే లేదని మీవాళ్ల వాదన. వీళ్ల దగ్గర కాగితం లేదు. "మా మాట నమ్మరమ్మా. పెద్దోళ్లు చెప్తే నమ్ముతరు. ప్రణతమ్మ చెప్తది. మా ఇంట్ల తిన్నది, మా వాకిట్ల పండుకున్నది. ఆమె అబద్ధమాడది," అంది లీలాబాయి.

చెప్తావా?

పద్మలత


ఆదిలాబాద్
నవంబరు

పద్మలత గారికి,

నా అనుమతి లేకుండా మా ఊరొచ్చి, మా కావలివాడిని ప్రశ్నలడిగి, ఇప్పుడు నన్ను బోనులో నిలబెడుతున్నారు. చాలా సంతోషం.

తెలుసు. వానాకాలం నుంచీ తెలుసు. అంతయ్య వచ్చి వేలిముద్ర వేసిన రోజు చాయ ఇచ్చింది నేనే. ఆ పేజీ రాసింది ఆ తర్వాతే. ఎక్కడా చెప్పలేనిది అక్కడ రాసుకున్నాను. నువ్వేమో దాన్ని పట్టుకొని "కళ్ల ముందు కనిపించారు" అని మెచ్చుకున్నావు.

నువ్వు చాలా శుభ్రమైన మనిషివి. కానీ అట్ట వెనక ఏమని వేస్తున్నారు? "మగ్గం గుంటలోంచి లెక్చరర్ కుర్చీ దాకా ఒంటరిగా ఎదిగిన మహిళ." ఒంటరిగానా? మీ అన్న ఓంప్రకాశ్ బడి మానేసి సిరిసిల్లలో సాంచెల దగ్గర, ఆ మరమగ్గాల మోతలో నిలబడితే నువ్వు వరంగల్లులో చదివావు. హాస్టలుకు పచ్చడి సీసా తెచ్చి ఇస్తే, నేను ఏదడిగినా ఆయనకు వినపడేది కాదు. అప్పటికే ఆయనకు చెముడు. బండ్ల మీద ఊరేగించిన గుడిసెలను చూసి నవ్వమన్నావు కదా. నవ్వుతున్నాను.

ఇక్కడిదాకా రాసి ఆపేశాను. మళ్లీ కూర్చున్నాను.

పద్మా, వస్తాను. చెప్తాను. వంశీ నన్ను కొట్టే మనిషి కాదు, అరిచే మనిషి కూడా కాదు. "నీకేం చెప్పబుద్ధయితే గది చెప్పు. తర్వాత ఇంటికి ఏ మొకంతోని వస్తవో జర సోచాయించుకో" అన్నాడంతే. సోచాయించాను. నవీనకు ఇప్పుడు అన్నీ అర్థమయ్యే వయసు. అమ్మ ఏం చెప్పిందో దానికి తెలియాలి. లీలాబాయికి చెప్పు, ఫికర్ పెట్టుకోవద్దని.

ప్రణతి


కరీంనగర్
జనవరి

ప్రణతీ,

నిన్న ఏం జరిగిందో నీకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా రాస్తున్నాను. కొన్నాళ్లకు ఇది మరోలా జరిగిందని నువ్వు నమ్మడం మొదలుపెడతావు. ఆ విద్య ఎలా పనిచేస్తుందో నీ అధ్యాయం చదివే నేర్చుకున్నాను.

గూడెంవాళ్లంతా తెల్లారకముందే బయల్దేరి నడిచి వచ్చారు. లీలాబాయి ఉతికిన చీర కట్టుకుంది. నువ్వు జీపులో వచ్చావు, ముందు సీట్లో. నన్ను చూసి తలూపావు. నేను కూడా నమ్మకంగా తలూపాను, పిచ్చిదాన్ని.

విచారణకు వచ్చిన ఆఫీసరు మంచిగానే అడిగాడు. "అమ్మా, మీరు చదువుకున్నోళ్లు. ఆ జాగల ఇండ్లు గాని, మనుషులు గాని ఎప్పుడన్న చూసిండ్రా?"

నువ్వు గొంతు సవరించుకోలేదు. నేల చూపులు కూడా చూడలేదు. "లేదు సర్. నేను పెళ్లయి వచ్చినప్పటి నుంచి అది ఖాళీ జాగే" అన్నావు. నీ గొంతు అచ్చం సెమినార్లో మాట్లాడినప్పటిలాగే ఉంది. స్పష్టంగా, వెనక బెంచీకి కూడా వినపడేలా.

గూడెం కుర్రాళ్లు లేచి అరిచారు. పోలీసులు కూర్చోమన్నారు. లీలాబాయి అరవలేదు. ఏదో చెప్తుందని ఆఫీసరు ఆమె వైపు తిరిగాడు. ఆమె నీ వైపు చూసి, "నవీన మంచిగున్నదా అమ్మా?" అని అడిగింది.

నువ్వు "ఆఁ" అన్నావు.

అదొక్కటే నువ్వు నిన్న చెప్పిన నిజం.

అర్జీ కొట్టేశారు. జీపు పోయాక లీలాబాయి నన్ను అడిగింది: "ఇంట్ల ఆమెకు ఏమన్న కష్టమున్నదా?" నీకేదో కష్టం ఉండాలని ఆమె వెతుక్కుంటోంది. లేకపోతే ఇంత పని ఎందుకు చేస్తావని. నేను ఉన్నదనే చెప్పాను. నాకూ అదే కావాలి.

పద్మలత


ఆదిలాబాద్
ఫిబ్రవరి

పద్మా,

నన్ను బెదిరించారని రాస్తే నువ్వు క్షమిస్తావు. ఎవరూ బెదిరించలేదు.

నిజం చెప్పాలనే జీపెక్కాను. దారంతా మాటలు కూర్చుకున్నాను. వాకిలి, రొట్టె, ఇప్పచెట్టు, బిడ్డ, అన్నీ వరసగా. అక్కడ కూర్చున్నాక ఆఫీసరు "చదువుకున్నోళ్లు" అన్నాడు. పక్కన వంశీ నా కోసం నీళ్ల సీసా మూత తీసి పెట్టాడు. ఎదురుగా వాళ్లంతా కింద కూర్చున్నారు. నేను కుర్చీలో కూర్చున్నాను. ఆ కుర్చీలోంచి ఏ మాట వస్తుందో ఆ మాటే వచ్చింది. అంత సులువుగా వస్తుందని నాకు తెలియదు. గొంతు వణికి ఉంటే ఇప్పుడు కాస్త బతకగలిగేదాన్ని.

ఇంటికొచ్చాక మా అత్తగారు దిష్టి తీసింది. నవీన నాతో మాట్లాడుతూనే ఉంది, అన్నం పెట్టమంటుంది, జడ వేయమంటుంది. కానీ లీలాబాయి పేరు ఎత్తదు. తన చిన్నప్పటి ఫోటోల్లో ఆమె ఉన్నవన్నీ తీసి ఎక్కడో దాచింది. నాకు దొరకకుండా దాచిందో, నేను చూసి బాధపడకూడదని దాచిందో అడిగే ధైర్యం లేదు.

ఒక్కటి అడుగుతాను. అధ్యాయం మీది నా పేరు తీసేయకు. నువ్వు ఏమైనా అను, ఆ పేజీలు రాసిన మనిషి కూడా నేనే. ఈ ఇంట్లో నాదంటూ ఉన్నది అదొక్కటే.

ప్రణతి


కరీంనగర్
జూలై

ప్రణతీ,

పుస్తకం వచ్చింది. ఒక ప్రతి కార్గోలో పంపుతున్నాను.

నీ పేరు ఉంది. తీసేద్దామని రెండుసార్లు ప్రచురణకర్తకు ఫోన్ చేసి పెట్టేశాను. నిన్ను తీసేస్తే అధ్యాయం తీసేయాలి, అధ్యాయం లేకపోతే పుస్తకం లేదు. నేను రాసిన వాటికంటే అది బాగుంది. ఒక్క అక్షరం మార్చలేదు. ఇంత బాగా తెలిసినవాళ్లు అలా ఎలా చెప్పగలరని ఇదివరకు ఆశ్చర్యపోయేదాన్ని. ఇప్పుడు ఆశ్చర్యం పోయింది. దాంతోపాటు ఇంకా ఏవో పోయాయి.

అన్న సంగతి నువ్వన్నది నిజమే. అట్ట మీద ఆ వాక్యం కొట్టేయించాను. దాంతో అన్నకు ఒరిగిందేమీ లేదు. ఆయన ఇంకా సాంచెల దగ్గరే ఉన్నాడు. పుస్తకం చేతికిస్తే బొమ్మలు చూసి, "మస్తుగున్నది చెల్లె" అన్నాడు.

లీలాబాయి చివరికి నస్పూర్‌లో కూతురి దగ్గరికి పోయింది. ఒకసారి వెళ్లి చూశాను. ఆ ఇంటి గోడల నిండా బొగ్గు దుమ్ము, తుడిచిన గంటకే మళ్లీ పేరుకుంటుంది. ఆమె ఊరికే కూర్చోలేక రోజంతా గడప తుడుస్తూ ఉంటుంది. గూడెంవాళ్లలో మిగతావాళ్లు తలా ఒక దిక్కు పోయారు. పై కోర్టు అంటే ఎవరికీ ఓపిక లేదు. లీలాబాయి ఈసారి నీ గురించి అడగలేదు. నేనే చెప్పబోతే, "పోనీ తియ్యమ్మా" అని చాయ పెట్టడానికి లేచింది.

ఇక మనం రాసుకోవద్దు. కోపంతో అనడం లేదు. కోపం ఉంటే ఇంకా రాసేదాన్ని.

నిన్న మూడో సంవత్సరం క్లాసులో నీ అధ్యాయం చెప్పాను. అయిపోయాక వినోద అని ఒక పిల్ల, కోరుట్ల దిక్కు నుంచి వస్తుంది, లేచి నిలబడింది.

"మేడం, గీ పాఠం రాసిన మేడం మన కాలేజీకి వస్తదా?"

"రాదు" అన్నాను.

"ఎందుకు మేడం? చచ్చిపోయిందా?"

క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల నవ్వలేదు, నా జవాబు కోసం నిలబడే ఉంది. నేను పుస్తకం మూసి, తర్వాతి పాఠం చదువుకొని రమ్మన్నాను.

పద్మలత